నాన్నగారి సైకిలు

మన దేశంలో సైకిలు తొక్కడానికి లైసెన్సు అక్కరలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే కాదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు మధ్య కమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినా, ఎనభై ఏళ్ళ వృద్ధుడు తొక్కినా ఆపి అడిగేవారుండరు. బీదవాని బండికి పెట్రోలు లేదు, పరీక్ష లేదు. మామూలు రోజుల్లో ఇది గొప్ప సౌకర్యమే. కాని తలకు బలమైన గాయమై, మెదడుకు శస్త్రచికిత్స జరిగి, మెల్లగా కోలుకొంటున్న మనిషి తన సైకిలు తనకు ఇమ్మని అడిగిన రోజున ఈ సౌకర్యమే పెద్ద చిక్కుగా మారుతుంది. మోటారు సైకిలు గురించి, కారు గురించి డాక్టరు తప్పక ఒక మాట చెబుతారు. సైకిలు మాట ఎవరికీ గుర్తుకురాదు. నిర్ణయం ఇంటివారి మీదనే పడుతుంది. అది మా మీద పడింది.

మేము ముగ్గురం తోబుట్టువులం. ఇద్దరం అన్నదమ్ములం, ఒక సోదరి. కర్నూలు పాతబస్తీలో మా ఇల్లు. ఇంట్లో మేము అబ్బాజాన్ అని పిలుచుకొనే మా నాన్నగారు ముప్ఫై ఆరేళ్ళ పాటు ఉర్దూ ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆ ముప్ఫై ఆరేళ్ళూ బడికి సైకిలు మీదనే వెళ్ళారు. మోటారు సైకిలు నడపడం ఆయనకు రాదు. నేర్చుకోవాలన్న కోరికా ఎన్నడూ కలగలేదు. ఇన్నేళ్ళ సైకిలు సవారీలో మోచేయి గీసుకుపోవడానికి మించిన దెబ్బ ఆయనకు తగిలి ఎరుగదు. 2022 ఆగస్టులో ఒక వివాహ విందు నుండి బంధువు మోటారు సైకిలు వెనుక కూర్చొని వస్తుండగా కుక్క అడ్డుపడింది. బండి నడిపేవారి తలపై హెల్మెట్ ఉంది. వెనుకనున్న ఆయన తలపై లేదు.

తల కుడివైపు నేలకు తగిలింది. పుర్రెకూ మెదడుకూ నడుమ రక్తం గడ్డకట్టిందని సి.టి. స్కాన్‌లో తేలింది. ఆ రాత్రే ఆపరేషన్ చేసి గడ్డను తొలగించారు. వాచిన మెదడుకు చోటు దొరకాలని పుర్రె ఎముకలో ఒక ముక్కను తీసి, ఆయన పొట్ట చర్మం కిందనే భద్రపరచి, మూడు నెలల తర్వాత తిరిగి తలలో అమర్చారు. ఎముకను పొట్టలో దాచడమేమిటని పరామర్శకు వచ్చిన బంధువులు చాలామంది నమ్మలేదు. సొంత శరీరంలో ఉంటే ఎముక చెడదని, మన ఆసుపత్రులలో ఇది అలవాటైన పద్ధతేనని ప్రతి ఒక్కరికీ వివరించి చెప్పే పని మాలో చిన్నవాడిదయింది. ఆ మూడు నెలలూ సైకిలు ప్రసక్తే లేదు. ఎముక లేనిచోట చర్మం మాత్రమే మెదడును కాపాడుతున్నప్పుడు మంచం దిగడమే భయంగా ఉండేది.

నవంబరులో ఎముకను అతికించిన తర్వాత, కట్లు విప్పిన మూడో వారంలో, నాన్నగారు మొదటిసారి అడిగారు: "బేటా, నా సైకిలుకు గాలి ఉందా?"

గాలి లేదు. చక్రాలు రెండూ నేలకు అంటుకుపోయి ఉన్నాయి. ఆ మాటే చెప్పాము, అప్పటికి ఆ సంభాషణ ముగిసింది. కాని ఆయన అడిగింది గాలి గురించి కాదని మాకు తెలుసు. మసీదు మా ఇంటికి మూడు వందల అడుగుల దూరంలో ఉంది. పాలు, కూరగాయలు తేవడానికి మేమున్నాము. అవసరమన్నది ఏదీ లేదు. అయినా, ఎదిగిన కొడుకులు అటొకరు, ఇటొకరు పట్టుకొని వీధిలో నడిపించే మనిషికి తన అడుగులు తనవే అన్న భావం ఎలా కలుగుతుంది? "నన్ను అందరూ మోస్తున్నారు" అని ఆయన అమ్మగారితో అన్న మాట ఆమె మాకు చాలా రోజుల తర్వాత చెప్పారు.

మమ్మల్ని భయపెట్టింది ఆయన బలహీనత కాదు. ఎడమ చేయి కాస్త మొద్దుబారింది. అది కనిపించే లోపం. కనిపించని లోపం ఒకటుండెను. అన్నం పళ్ళెంలో కుడివైపు శుభ్రంగా తినేవారు, ఎడమవైపున ఉన్న కూర అలాగే మిగిలిపోయేది. పళ్ళెం తిప్పితే, "ఇప్పుడు వడ్డించారా?" అని ఆశ్చర్యపోయేవారు. కమీజు కుడి చేయి తొడుక్కొని, ఎడమ చేయి వేలాడుతుండగానే గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టేవారు. ఫిజియోథెరపిస్టు ఒక కాగితం మీద గడియారం బొమ్మ గీయమంటే పన్నెండు అంకెలనూ కుడి అర్ధభాగంలోనే కుక్కేశారు.

అన్నింటికన్నా విచిత్రం ఆయన పత్రిక చదివే తీరు. తెలుగు పత్రిక పట్టుకొంటే వాక్యాలకు మొదళ్ళు ఉండేవి కావు. ఎందుకంటే తెలుగు పంక్తి ఎడమ నుంచి మొదలవుతుంది, ఆయన చూపు పంక్తి నడుమ నుంచి అందుకొనేది. ఉర్దూ పత్రిక పట్టుకొంటే మొదలు బాగుండేది. చివర ఉండేది కాదు. ఉర్దూలో క్రియ వాక్యం చివర వస్తుంది, ఆ చివర కాగితం ఎడమ అంచున ఉంటుంది. ఒకరోజు ఆయన చిరాకుగా పత్రిక పక్కన పడేసి, "ఈ కాలపు విలేఖరులకు వాక్యం పూర్తి చేయడం కూడా రాదు" అన్నారు. మేము నవ్వాము. తర్వాత నవ్వలేకపోయాము. ముప్ఫై ఆరేళ్ళు వ్యాకరణం బోధించిన మనిషి క్రియ కనబడకపోతే తప్పు పత్రికదే అనుకొన్నారు కాని, తన చూపుదని ఆయనకు తోచలేదు.

కంటి డాక్టరు యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమని పరీక్షించారు. ఎడమవైపు చుక్కలూ ఆయనకు దాదాపుగా కనిపిస్తున్నాయి. కన్ను చూస్తున్నది, చూసినదానిని మెదడు లెక్కలోకి తీసుకోవడం లేదు. మెదడు కుడి భాగానికి దెబ్బ తగిలినవారిలో ఎడమ ప్రపంచం ఇలా లెక్కలో నుంచి జారిపోవడం ఉంటుందని, దానికి కళ్ళద్దాలు మందు కావని, సాధనతో చాలా వరకు తగ్గుతుందని నాడీ వైద్యులు చెప్పారు. లేనిదేదో తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు. లేదన్న సంగతే తెలియనప్పుడు ఏమి చేయగలడు?

2023 జనవరిలో ఒక రాత్రి ఆయనకు ఫిట్స్ వచ్చాయి. ఒక్కసారే, రెండు నిమిషాల లోపు. తలకు పెద్ద గాయమైన వారికి నెలల తర్వాత కూడా ఇలా రావచ్చునట. మందుల మోతాదు మార్చారు. డాక్టరుగారిని సైకిలు విషయం మేమే అడిగాము. ఆయన కాసేపు ఆలోచించి, మందులు ఒక్క పూట తప్పకుండా ఏడాది పాటు ఫిట్స్ రాకుండా గడిస్తే అప్పుడు మాట్లాడుకొందామన్నారు. గడువు మళ్ళీ మొదటికి వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఫజ్ర్ నమాజు తర్వాత మేము ఇంటికి చేరేసరికి నాన్నగారు ఇంట్లో లేరు, సైకిలూ లేదు. ముందురోజు పక్కింటి కుర్రవాడి చేత గాలి కొట్టించి పెట్టుకొన్నారన్న సంగతి తర్వాత తెలిసింది. వీధి చివర మలుపులో దొరికారు. గోడవారగా నిలిపి ఉంచిన అరటిపండ్ల తోపుడు బండికి ఎడమవైపుగా వెళ్ళి కొట్టుకొని పడిపోయారు. మోచేయి గీసుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు, అల్హమ్దులిల్లాహ్. లేపి కూర్చోబెట్టగానే ఆయన అన్న మొదటి మాట: "నేను చూసినప్పుడు ఈ బండి ఇక్కడ లేదు."

అది అబద్ధం కాదు. ఆయనకు అది నిజంగానే లేదు.

ఆ రోజు ఇంట్లో సైకిలు అమ్మివేయాలన్న మాట వచ్చింది. మాలో పెద్దవాడు పాత సామాను కొనేవాణ్ణి పిలుస్తానన్నాడు. నాన్నగారు గోడకు ఆనుకొని చాలాసేపు మౌనంగా కూర్చొని, తర్వాత నెమ్మదిగా అన్నారు: "నేను ముప్ఫై ఆరేళ్ళు పిల్లలకు పరీక్షలు పెట్టాను. ఫెయిల్ కూడా చేశాను. కాని పరీక్ష పెట్టకుండా ఎవరినీ ఫెయిల్ చేయలేదు. నాకు పరీక్ష పెట్టండి. తప్పితే మీరు చెప్పినట్లు వింటాను."

దీనికి మా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా భయం. మా భయం ఆయన లోపాన్ని అవసరమైన దానికన్నా పెద్దదిగా చూపుతున్నది. ఆయన మెదడు అదే లోపాన్ని ఆయనకు చూపడమే లేదు. ఇద్దరిలో ఎవరి మాటా నమ్మదగినది కాదు. ఇద్దరూ కళ్ళారా చూసి ఒప్పుకొనే కొలత ఏదో ఒకటి కావాలి. అమ్మగారు లేచి సైకిలుకు తాళం వేసి, తాళం చెవి తన కొంగున ముడివేసుకొన్నారు. "ఏడాది గడవనివ్వండి. ఈలోగా చదువుకోండి" అన్నారు నాన్నగారితో. ఆమెది ఎప్పుడూ పొదుపైన మాట.

ఆ ఏడాది చదువు నమాజు చాప మీదనే మొదలైంది. గాయం తర్వాత ఆయనకు సజ్దాకు వంగినప్పుడల్లా గది గిర్రున తిరిగేది. కుర్చీపై కూర్చొనే నమాజు చేసేవారు. ఇది మెదడు బలహీనత అని అందరమూ అనుకొంటుండగా, చెవి ముక్కు గొంతు వైద్యులు అది చెవికి సంబంధించినదని పసిగట్టారు. లోపలి చెవిలో తూకం తెలిపే సన్నని సున్నపు రేణువులు తలకు దెబ్బ తగిలినప్పుడు చోటు తప్పి జారుతాయట. తల వంచినా తిప్పినా కళ్ళు తిరుగుతాయి. మంచంపై పడుకోబెట్టి తలను ఒక వరుసలో అటూ ఇటూ తిప్పించి ఆ రేణువులను వాటి చోటికి పంపారు. రెండు విడతలలో చాలా మేలు కలిగింది. తల గాయమైన తర్వాత కళ్ళు తిరుగుతుంటే, అది సహించి ఊరుకోవలసిన బాధ అనుకోకుండా వైద్యునికి చూపించాలని ఈ పత్రిక చదివే సోదర సోదరీమణులకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము.

నమాజు చివర సలాం చెప్పేటప్పుడు తలను కుడి భుజం మీదికి, తర్వాత ఎడమ భుజం మీదికి తిప్పుతాము. ఫిజియోథెరపిస్టు హిందూ యువకుడు. నాన్నగారు నమాజు చేస్తుండగా ఒకసారి చూసి, ఆయన కుడివైపు సలాం నిండుగా చెబుతూ ఎడమవైపు తల సగమే తిప్పుతున్నారని గుర్తించాడు. సైకిలు మీద వెనుక వచ్చే బండిని చూడాలంటే తల సరిగ్గా అంతే తిరగాలి, అది కూడా నడుము, చేతులు కదలకుండా. మొదట కూర్చొని, తర్వాత నిలబడి, ఆ తర్వాత నడుస్తూ తల తిప్పడం సాధన చేయించాడు. నడుస్తున్నప్పుడు ఆయన తల కుడికి తిప్పితే అడుగులూ కుడికే వాలిపోయేవి. సైకిలు మీద అయితే ఆ వాలు లారీ కిందికి తీసుకొని వెళ్తుంది.

ఆ తర్వాత రెండు పనులు ఒకేసారి చేయించే సాధన. చేతిలో నీళ్ళ గ్లాసు, నోట పదమూడో ఎక్కం. ఎక్కం సరిగ్గా వస్తే నీళ్ళు తొణికేవి. నీళ్ళు నిలిస్తే ఎక్కం తప్పేది. గాయానికి ముందు ఆయన సైకిలు తొక్కుతూ పిల్లలకు పాఠం అప్పగించుకొన్న మనిషి. ఇది ఆయనకు చాలా కష్టమనిపించింది, కోపం కూడా తెప్పించింది. ఆ కోపమూ గాయంలో భాగమే. మెదడు ముందు భాగాలు దెబ్బతిన్నవారికి తొందర, చిరాకు పెరుగుతాయి. ఫిట్స్‌కు ఇచ్చే లెవెటిరాసిటామ్ వంటి మందులు కూడా కొందరిలో చిరాకును పెంచుతాయి. అలాగని మందును మనంతట మనం ఆపకూడదు, డాక్టరుకు చెప్పాలి. పూర్వం గేదె అడ్డువస్తే దిగి నిలబడే నాన్నగారు ఇప్పుడు వీధిలో ఆటోవారిపై కేకలు వేస్తున్నారని అమ్మగారే ముందు గమనించారు. సైకిలు మీద మనిషిని కాపాడేది బ్రేకుల కన్నా ముందు ఓపిక.

2024 జనవరి వచ్చింది. ఏడాదిలో ఫిట్స్ మళ్ళీ రాలేదు. డాక్టరుగారు తలపై మచ్చ నొక్కుకోని హెల్మెట్ తప్పనిసరి అని, మెల్లగా ప్రయత్నించమని అనుమతించారు.

ఇక సైకిలు సంగతి. పాత సైకిలు ఎత్తైన మధ్య కమ్మీ గలది, కమ్మీ బ్రేకులది. కాలు వెనక్కి విసిరి ఎక్కవలసినదే. ఆ ఒక్క క్షణం ఒంటికాలిపై నిలవాలి. మొదట పెద్దల మూడు చక్రాల సైకిలు ఒకటి అద్దెకు తెచ్చి చూశాము. అది భద్రమని అందరూ అనుకొంటారు. తూకం నిలవనివారికి నిజంగా మంచిదే. నాన్నగారి చిక్కు తూకం కాదు, ఎడమవైపు. వెనుక ఎడమ చక్రం వెడల్పుగా ఉందన్న సంగతే ఆయనకు లెక్కలోకి రాక, ప్రతి రాయికీ తగిలేది. పైగా జీవితమంతా రెండు చక్రాల మీద ఒరిగి మలుపు తిరిగినవారికి మూడు చక్రాల బండి ఒరగదన్నది ఒంటికి ఎక్కదు. రెండో రోజే తిరిగి ఇచ్చేశాము.

చివరికి ఆడవారి సైకిలు కొన్నాము. మధ్య కమ్మీ ఉండదు కనుక కాలు ముందు నుంచే పెట్టి ఎక్కవచ్చు, దిగవచ్చు. సీటును బాగా దించితే కూర్చొన్నచోటి నుంచే రెండు పాదాలూ నేలకు ఆనుతాయి. "నా విద్యార్థులు చూస్తే ఏమనుకొంటారు?" అన్నారు నాన్నగారు. "మాస్టారు తెలివైనవారు అనుకొంటారు" అన్నది మాలో ఆడపిల్ల. మెకానిక్కు నాన్నగారి పాత విద్యార్థే. చూసి నవ్వలేదు. బ్రేకుల సంగతి అతడే చెప్పాడు: "మాస్టర్ సాబ్, మన సైకిళ్ళకు ముందు చక్రం బ్రేకు కుడి చేతికి, వెనుక చక్రం బ్రేకు ఎడమ చేతికి ఉంటాయి. మీ ఎడమ చేయి బలహీనం కదా. కంగారులో కుడి చేత్తో ఒక్కసారిగా పట్టేస్తే బండి ముందుకు పల్టీ కొడుతుంది." కేబులు బ్రేకులు కావడంతో వాటిని తారుమారు చేసి, వెనుక బ్రేకు కుడి చేతికి ఇచ్చాడు. గంటను కూడా కుడికి మార్చాడు. హ్యాండిలుకు సంచి తగిలించకూడదని, సామాను ఏదైనా వెనుక క్యారియర్‌కు కట్టాలని చెప్పి, చేసిన పనికి డబ్బు తీసుకోలేదు.

ఎడమ పిడికి మేము ఒక ఎర్రని గుడ్డపేలిక కట్టాము. ప్రతి మలుపు ముందూ, ప్రతి సందు ముందూ ఆ ఎరుపు కంటపడేదాకా తల తిప్పాలి. ఎరుపు కనిపించిన తర్వాత ఇంకా ఎడమకు చూడాలి. ఇదే చిట్కాను ఫిజియోథెరపిస్టు అంతకు ముందు పత్రిక చదవడానికి నేర్పాడు. పేజీ ఎడమ అంచున ఎర్ర గీత గీసి, గీత కనిపించేదాకా వెతకమనేవాడు. అలాగే ఉర్దూ వాక్యాలకు క్రియలు తిరిగి వచ్చాయి.

పరీక్షా స్థలం ఈద్గా మైదానం. రెండు పండుగలు తప్ప ఏడాదంతా ఖాళీగా ఉండే విశాలమైన చోటు. మొదటి వారం పెడళ్ళు విప్పేసి, పాదాలతో నేలను తోస్తూ సైకిలును దొర్లించడమే. రెండో వారం పెడళ్ళు. ఇరవై నీళ్ళ సీసాలు వరుసగా పెట్టి వాటి నడుమ నుంచి నడిపించాము. ఎడమవైపు సీసాలు మొదటిరోజు ఏడు పడ్డాయి. పదో రోజుకు ఒకటి. మాలో ఒకరు ఎడమ పక్కన నిలబడి రంగు రుమాళ్ళు ఎత్తి చూపుతుంటే, ఆయన తొక్కుతూనే రంగు పేరు చెప్పాలి. పడిన సీసాలనూ తప్పిన రంగులనూ ఆయనే పుస్తకంలో రాసుకొనేవారు. ఏడు సీసాలు తన చక్రం కింద పడ్డాయని తన చేతి రాతతో రాసిన రోజున, తోపుడు బండి సంగతి ఆయన మొదటిసారి తనంతట తాను ఎత్తారు. "అది అక్కడే ఉండి ఉంటుంది" అన్నారు. మాకు ఆ ఒక్క మాటతో సగం భయం తీరింది.

మైదానంలో మరొకటి తెలిసింది. ఇరవై నిమిషాలు దాటితే ఆయన తప్పులు ఒక్కసారిగా రెట్టింపవుతాయి. కాళ్ళు అలసిపోవు, దృష్టి అలసిపోతుంది. అలసిన మాట ఆయనకు ముందుగా తెలియదు కనుక గడియారమే చెప్పాలి. పది నిమిషాలు వెళ్ళడానికి, పది నిమిషాలు తిరిగి రావడానికి.

మార్చిలో రంజాన్ వచ్చింది. సాధన ఆపివేశాము. వ్యాధిగ్రస్తునికి ఉపవాసం విషయంలో దైవం వెసులుబాటు ఇచ్చాడు. ఆయన ఏ రోజులు ఉండవచ్చునో డాక్టరును అడిగే నిర్ణయించుకొన్నారు. ఉన్నా లేకున్నా, సహరీ కోసం, తరావీహ్ కోసం ఇంటిల్లిపాదికీ నిద్ర తగ్గే నెల అది. నిద్రలేమి ఫిట్స్‌ను రేపగలదు. కనుక ఆ నెలలో సైకిలు లేదు. ఇప్పటికీ అదే నియమం.

పండుగ తర్వాత వీధిలోకి. ఎక్కడ తొక్కాలన్నదానిపై ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కె.సి. కాలువ గట్టు ప్రశాంతంగా ఉంటుంది, బండ్లు తక్కువ అని మాలో చిన్నవాడన్నాడు. వెళ్ళి చూశాము. మేము చూసినచోట ఒక దిశలో వెళ్తే కాలువ సరిగ్గా ఎడమ చేతి పక్కనే ఉంటుంది, నడుమ గోడ లేదు. నాన్నగారి విషయంలో ఎడమవైపు నీళ్ళుండే నిర్మానుష్యమైన దారికన్నా, నలుగురు తిరిగే మామూలు వీధే నయం. మన దేశంలో ఎడమ అంచున వెళ్తాము. ఆ అంచునే నిలిపిన ఆటోల తలుపులు తెరుచుకొంటాయి, సందుల్లో నుంచి పిల్లలు పరుగెత్తుకొస్తారు. కుడికి తిరగడం మరింత కష్టం. వెనక్కి చూడాలి, ఒక చేయి తీసి చూపాలి, ఎదుటివారి వేగం అంచనా వేయాలి, ఇవన్నీ ఒకేసారి. ఆయనకు ఇది రాలేదు. వస్తుందని కూడా మేము అనుకోవడం లేదు. కనుక కుడి మలుపు లేదు. మలుపు దాటాక ఎడమ పక్కన దిగి, పాదచారిగా సైకిలు నడిపించుకొంటూ రోడ్డు దాటి, అవతల మళ్ళీ ఎక్కుతారు. ఇందులో చిన్నతనమేమీ లేదని ఆయనకు ఒప్పించడానికి మాకు రెండు వారాలు పట్టింది.

హెల్మెట్ గురించి మసీదు ముందర కొందరు పెద్దలు నవ్వులాటగా, "మాస్టర్ సాబ్, విమానం నడుపుతున్నారా?" అన్నారు. మరొకరు, "రాసిపెట్టింది తప్పుతుందా?" అన్నారు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాతే దైవంపై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక పల్లెవాసికి బోధించిన సంగతిని నాన్నగారే వారికి గుర్తుచేశారు. హెల్మెట్ చరిత్రలో మనకు తెలిసిన పేరొకటి ఉంది. అరబ్బుల తిరుగుబాటులో పాల్గొన్న బ్రిటిషు అధికారి టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండులో మోటారు సైకిలుపై వెళ్తూ, సైకిళ్ళపై వస్తున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి పడి, తల గాయంతో ఆరు రోజులకు మరణించాడు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో ఒకడైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత తల గాయాలపై పరిశోధించి, హెల్మెట్ ప్రాముఖ్యాన్ని చూపుతూ 1941లో వ్యాసం ప్రచురించాడు. అయితే హెల్మెట్ పుర్రెను కాపాడినంతగా, లోపల కుదుపుకు ఊగే మెదడును కాపాడలేదు. ఒకసారి గాయపడిన మెదడుకు రెండో దెబ్బ మొదటిదానికన్నా బరువు. ఒక్కసారి గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్‌ను, పైకి పగులు కనిపించకపోయినా మార్చివేయాలి. మా కర్నూలు ఎండలో అది ఎంత ఉక్కపోతో చెప్పనక్కరలేదు. అందుకే ఆయన సవారీ తెల్లవారిన తర్వాత, ఎండ ఎక్కక ముందే.

షరతులన్నీ నాన్నగారు తమ చక్కని ఉర్దూ దస్తూరీలో ఒక కాగితంపై రాసి, సంతకం చేసి, తలుపు వెనుక అంటించారు. వెలుతురు పూర్తిగా వచ్చాకే. వాన లేనప్పుడే. రాత్రి మందు వేసుకొని, నిద్ర సరిగ్గా పట్టిన ఉదయమే. ఇరవై నిమిషాలే. తలనొప్పి, కళ్ళు మసకలు, చేతిలో తిమ్మిరి ఏది వచ్చినా దిగి, కూర్చొని, ఫోన్ చేయాలి. జేబులో పేరు, రక్తపు గ్రూపు, వాడే మందు, ఇంటి ఫోన్ నంబరు తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన చీటీ ఉండాలి. జుమా మధ్యాహ్నపు రద్దీలో సైకిలు లేదు. ఎనిమిదో షరతు అమ్మగారు రాయించినది: కోపంగా ఉన్నప్పుడు తాళం చెవి అడగరాదు.

ఇప్పుడు ఏడాదికి పైగా అయింది. వారంలో నాలుగైదు రోజులు ఆయన పాల కేంద్రం దాకా వెళ్ళి, రెండు పాకెట్లు వెనుక కట్టుకొని వస్తారు. కొన్ని ఉదయాలలో తాళం చెవి కోసం చేయి చాచి, అమ్మగారి ముఖం చూసి, చేయి వెనక్కి తీసుకొంటారు. చీకట్లో తొక్కడం, కుడి మలుపు, పెద్ద రోడ్డు ఇవి తిరిగి రాలేదు. ఎడమ చేయి చలికాలంలో ఇంకా మొరాయిస్తుంది. రెండుసార్లు పడిపోబోయి నిలదొక్కుకొన్నారు. రెండూ ఆయనే ఇంటికి వచ్చి చెప్పారు, పుస్తకంలో రాశారు. పూర్వం అయితే దాచేవారు.

పోయిన నెలలో ఒక కొత్త దరఖాస్తు వచ్చింది. ఆరేళ్ళ మనవరాలిని వెనుక క్యారియర్‌పై కూర్చోబెట్టుకొని బడి దాకా దింపి వస్తానంటారు. ఆ పిల్ల కదలకుండా కూర్చొనే రకం కాదు, బడికి ఒక కుడి మలుపు ఉంది. మాలో పెద్దవాడు వద్దన్నాడు. మిగిలిన ఇద్దరం ఏమీ అనలేదు. "పరీక్ష పెట్టండి" అన్నారు నాన్నగారు. అమ్మగారు బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, ఆ పరీక్షకు ఇంకా తేదీ ఇవ్వలేదన్నారు.